మస్టర్ బుక్ తీసుకోండి రైటరే

కర్ణాటకలోని కొడగులో కాఫీ తోటలవాళ్లు వానను మిల్లీమీటర్లలో చెప్పుకోరు. అంగుళాలు, సెంట్లు. నూరు సెంట్లయితే ఒక అంగుళం. "నిన్న మీ దగ్గర ఎంత?" అని ఒకాయన ఫోన్ చేస్తే, "రెండు నలభై" అంటాడు అవతలాయన. సంతలో కలిసినా, పెళ్లిలో కలిసినా ముందు ఈ లెక్క తెమలాలి. పిల్లల చదువులు, మిరియాల ధర ఆ తర్వాతే. అక్కడి ఒక తోటలో రైటర్‌గా చేరినప్పుడు నాకు అప్పజెప్పిన మొదటి పని కూడా అదే. పొద్దున్నే ఆఫీసు ముందున్న రెయిన్ గేజ్‌లో నీళ్లు కొలిచి పుస్తకంలో ఎక్కించడం.

నేను పుట్టి పెరిగింది కదిరి దగ్గర. అప్పట్లో అది అనంతపురం జిల్లా, ఇప్పుడు సత్యసాయి జిల్లా. మా జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 22 అంగుళాలు. అగ్రికల్చర్ డిప్లొమా పరీక్షల కోసం బట్టీ పట్టిన అంకె కాబట్టి ఎప్పటికీ మరిచిపోను. ఆ తోటలో వానలు గట్టిగా పట్టిన జూలైలో అయితే రెండు వారాల్లోనే నా పుస్తకం ఆ అంకె దాటిపోయేది. మొదటి ఏడాది ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ నమ్మలేదు. "ఊరికే కతలు జెప్పొద్దురా" అంది.

ఎరువుల లారీ తోలే మా మేనమామ పుణ్యమా అని దొరికిన ఉద్యోగం అది. తోట మాదాపుర దాటాక, హట్టిహొళె అవతలి కొండ వాలు మీద ఉండేది. కొడగు ఉత్తర భాగం కాబట్టి అంతా అరబికా. నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, తేమ ఎక్కువున్న లోయల్లో ఏలకులు. రైటరంటే పేరు గొప్ప తప్ప పని గుమాస్తాది: కూలీల హాజరు రాసే మస్టర్ బుక్, వారపు బట్వాడా, ఎరువుల స్టాకు, వాన లెక్క. నా పైన ఒక మేనేజరు, మైసూరులో ఉండే సావుకారు, అంటే తోట యజమాని. నా కింద ఎవరూ లేరు. కాగితం మీద మేస్త్రి నా కిందివాడే. కానీ ఆయనకు అరవై దాటాయి, ఆ తోటలోని ప్రతి చెట్టూ ఆయనకు తెలుసు. నాకు కాఫీ మొక్కలో చిగురుకీ పిలకకీ తేడా నేర్పింది ఆయనే. ఆయన తాత పిరియాపట్నం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మేస్త్రి నన్ను "రైటరే" అని పిలిచేవాడు, నేను ఆయన్ను "మేస్త్రీ" అనేవాణ్ని. మీరు అనే మర్యాద ఇద్దరికిద్దరమూ తప్పలేదు.

వానాకాలంలో తోటలో పనులు ఉండవని బయటివాళ్లు అనుకుంటారు. మొక్క చచ్చిన గుంతల్లో కొత్తవి నాటడం ఆ కాలంలోనే. నల్ల కుళ్లు తెగులు పట్టిన ఆకుల్నీ కాయల్నీ ఏరి పారెయ్యాలి, పిలకలు గిల్లాలి, విరిగిపడ్డ చెట్లను కోసి జీప్ రోడ్డు మీంచి తియ్యాలి, కాలువలు పూడిపోతే తవ్వాలి. ఆడవాళ్లు కంబళి కప్పుకుని, దాని మీద ప్లాస్టిక్ సంచి కొప్పెర వేసుకుని బయల్దేరేవాళ్లు. జలగలకు మందుగా సున్నం, పొగాకు కలిపి గుడ్డలో కట్టుకునేవాళ్లు. నేను మొదటి నెలంతా ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకుని తిరుగుతుంటే నవ్వి, నవ్వి, చివరికి ఒక అక్క జాలిపడి నాకూ ఒక మూట కట్టిచ్చింది.

ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముక్కుకి తగిలేది ఆ వాసన. లైన్లలో పొయ్యి పైన కట్టిన తీగ మీద కంబళ్లు ఆరేసేవాళ్లు. తడి ఉన్ని, కట్టెల పొగ, బెల్లం వేసి మరిగించిన కాఫీ, మూడూ కలిసిన వాసన. లైన్లంటే కూలీల ఇళ్లు, ఒకే కప్పు కింద వరసగా గదులు. సగం గదుల్లో తరాలుగా ఉంటున్నవాళ్లు, మిగతా సగంలో అస్సాం నుంచి వచ్చిన కుర్రాళ్లు, కొత్త దంపతులు. వాళ్ల హిందీ, నా హిందీ ఒకే క్లాసులో ఫెయిలైన హిందీలు కాబట్టి మాకు బాగా కుదిరింది. ఆదివారాలు వాళ్లు ఉప్పుచేప వండితే నాకో గిన్నె వచ్చేది. వానలో దొరికే పుట్టగొడుగులు, లేత వెదురు మొలకల కూర, వరిపొలాల పీతలు, నేను జీవితంలో మొదటిసారి తిన్నవి ఎన్నో అక్కడే. మా అమ్మకు పీతల సంగతి మాత్రం చెప్పలేదు.

2018లో అంతా బాగానే మొదలైంది. మా తోట వరకు మార్చిలో కాఫీని పూయించే పూల వాన సమయానికి పడింది, తర్వాత కాయ నిలబడటానికి కావలసిన జల్లు కూడా పడింది. సావుకారు మైసూరు నుంచి వచ్చినప్పుడు మొహంలో కళ కనిపించింది. జూన్‌లో వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. మామూలుగా జూలైలో ఎక్కడో రెండు మూడు రోజులు తెరిపిస్తుంది, కంబళ్లన్నీ బయటికొస్తాయి. ఆ ఏడాది అదీ లేదు. జూలై 9 మధ్యాహ్నం భూమి కాస్త అదిరింది. స్టోరు రేకులు గలగలమన్నాయి. తీవ్రత 3.4 అని తర్వాత పేపర్లో వేశారు. పెద్ద నష్టమేమీ లేదు కానీ, లైన్లలో ముసలివాళ్లకు ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. హారంగి డ్యాం జూలైలోనే నిండింది. చెట్ల మీద కాయ రాలిపోవడం మొదలైంది. మేనేజరు రోజూ రాలిన కాయ చూసి తల పట్టుకునేవాడు. కాఫీకి వాన కావాలి గానీ వేళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉంటే కాయ నిలవదు.

అదే సమయంలో మా ఊళ్లో చుక్క లేదు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూస్తున్నారు. మా అమ్మ ఫోన్లో, "ఆ వాన ఇట్ల సగం పంపీరా, మీ సావుకారునడిగి" అనేది. నవ్వుకునేవాళ్లం.

ఆగస్టు 15న ఆఫీసు ముందు జెండా ఎగరేశాం. తడిసిన జెండా ఎగరదు, కర్రకి చుట్టుకుపోయింది. బూందీ లడ్లు పంచి అందరినీ పంపేశాం. సాయంత్రం మేస్త్రి గొడుగేసుకుని నా గది దగ్గరికొచ్చాడు. ఎప్పుడూ లోపలికి రమ్మన్నా రానివాడు, నేరుగా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"వాగు తగ్గింది రైటరే."

మంచిదే కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంత వాన కురుస్తుంటే వాగు పెరగాలి, తగ్గకూడదు. పైన ఎక్కడో మట్టి జారి అడ్డం పడింది, దాని వెనక నీళ్లు పోగవుతున్నాయి, ఆ కట్ట తెగిన క్షణాన అంతా కిందికొస్తుంది. ఇదీ ఆయన లెక్క. డిప్లొమాలో నాకు ఇది ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున రెయిన్ గేజ్ దగ్గరికెళ్తే లోపలి పాత్ర నిండి పొర్లిపోయి ఉంది. ఎంత పడిందో చెప్పే దారి లేదు. ఆ రోజు గడిలో ఏమీ రాయలేదు. ఈలోగా లైన్ల చివరి గదిలోంచి కేకలు. వంటగది నేలలోంచి నీళ్లు ఊరుతున్నాయి. కప్పు నుంచి కారడం అందరికీ అలవాటే. నేల లోపలి నుంచి, అదీ పొయ్యి పక్కన, ఊట పొంగడం ఎవరూ చూడలేదు. కొండ మీద మట్టి మందం ఎక్కువ, కింద రాయి. రెండు నెలలుగా తాగిన నీళ్లు ఆ రాతి మీదకు చేరి పోయే చోటు లేక ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికి తన్నుతున్నాయి. తర్వాత పేపర్లలో దీన్నే జలస్ఫోటమని రాశారు.

మేస్త్రి, నేను, ఇద్దరు అస్సాం కుర్రాళ్లు పై బ్లాకులోకి ఎక్కాం. కాఫీ వరసలకు అడ్డంగా నేల చీలి ఉంది. మేస్త్రి చేతికర్ర దించితే పిడి దాకా పోయింది. పై నుంచి పారుతున్న నీళ్లన్నీ ఆ చీలికలోకే దిగుతున్నాయి. దాని కింద సిల్వర్ ఓకులు కొద్దిగా వంగి ఉన్నాయి, అన్నీ ఒకే వైపుకి. ఆ కుర్రాళ్లలో ఒకడు బ్రహ్మపుత్ర ఒడ్డువాడు. "మా ఊళ్లో నీళ్లు కింది నుంచి పైకి వస్తాయి, అటకెక్కి కూర్చుంటాం. ఇక్కడ ఎక్కడికెక్కాలి?" అన్నాడు. హేళనగా కాదు, నిజంగానే అడిగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు కాఫీ ఆరబోసే కల్లం చాలడం లేదని స్టోరు వెనక వాలును జేసీబీతో నిలువుగా కోయించారు. మేస్త్రి అప్పుడే వద్దన్నాడట, ఎవరూ వినలేదు. మా తోట ఒక్కటే కాదు, రోడ్లకీ, ఇళ్లకీ, హోం స్టేలకీ ఆ చుట్టుపక్కల కొండల్ని ఇలాగే కోశారు. ఆ వర్షాల తర్వాత చూడ్డానికొచ్చిన జియలాజికల్ సర్వే వాళ్లు కూడా వాలును అడ్డదిడ్డంగా కోయడం పెద్ద కారణాల్లో ఒకటని చెప్పారు. ఆ రోజు ఫోన్లో సావుకారు "అందర్నీ స్టోరులోకి చేర్చండి, అదే గట్టి బిల్డింగు" అన్నాడు. కాంక్రీటు పిల్లర్లు, కొత్త కప్పు, చూడ్డానికి అదే గట్టిది. మేనేజరు కూడా అదే సరైందన్నాడు. మేస్త్రి మాత్రం లైన్ల ముందు నిలబడి, "స్టోరు వెనక కొండకి కాళ్లు లేవు. నేను నా మనవరాల్ని అక్కడికి తీసుకెళ్లను. మీ ఇష్టం" అన్నాడు. అంతే. అరవై డెబ్భై మంది ఆయన వెనక కదిలారు. మేనేజరు కాసేపు గట్టిగా మాట్లాడాడు, తర్వాత తనూ గొడుగు తీసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టను. సావుకారు మాట కాదంటే రేపు అడిగేది ఆయన్నే.

వెళ్లాల్సింది పైకి, గట్టు మీదికి. అక్కడ ఒక కొడవ కుటుంబం ఐన్‌మనె ఉంది. ఐన్‌మనె అంటే వంశమంతటికీ కలిపి ఉండే పాత ఇల్లు, పండగలకూ పెద్దల పూజలకూ అందరూ చేరే చోటు. కొండ కొయ్యకుండా, సహజంగా చదునుగా ఉన్న చోట కట్టిన ఇల్లు. ఎన్నో తరాలుగా నిలబడింది కాబట్టి ఇంకో రాత్రి నిలబడుతుందని మేస్త్రి తర్కం.

నేను ఆఫీసులోకి పరిగెత్తి కంప్యూటర్ తీగలు పీకుతున్నాను. మేస్త్రి గుమ్మంలోంచి అరిచాడు: "అది వదిలెయ్యండి. మస్టర్ బుక్ తీసుకోండి రైటరే! పదిహేను రోజుల కూలి అందులో ఉంది. అది పోతే మాకెవరిస్తారు?" అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది. మస్టర్ బుక్‌ను ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, పైన బెల్టు బిగించాను. వాన పుస్తకం టేబుల్ మీదే ఉండిపోయింది.

మనుషుల్ని కదిలించడం కంటే పశువుల్ని కదిలించడమే కష్టమైంది. తోటలో పాలకీ పేడకీ కలిపి ఇరవై దాకా గొడ్లు ఉండేవి. కొన్ని జెర్సీ క్రాస్, కొన్ని మలెనాడు గిడ్డ. ఈ గిడ్డ ఆవులు పొట్టివి, మన నడుం ఎత్తు కూడా ఉండవు, పాలు చెంబెడు కూడా ఇవ్వవు. మేనేజరు వాటిని అమ్మేద్దామని ఎప్పుడూ అంటుండేవాడు. ఆ రోజు పలుపులు విప్పగానే అవి ఎవరూ తోలకుండానే అడ్డదారిన గట్టెక్కేశాయి. జెర్సీలు కొట్టం దాటి అడుగెయ్యలేదు. బురదలో కాలు పెట్టడం, వెనక్కి లాగడం. పశువుల్ని చూసే అక్క ఒక్కొక్కదాని చెవిలో ఏదో చెప్తూ, తోక మెలితిప్పుతూ తీసుకొచ్చింది. పుట్టి వారం కాని ఒక దూడను అస్సాం కుర్రాడు భుజాన వేసుకున్నాడు. తల్లి ఆ దూడ వెనకే అరుచుకుంటూ వచ్చింది, దాని వెనక మిగతావి. మూడు మాత్రం రాలేదు. పలుపులు విప్పేసి, గేటు తెరిచిపెట్టి వచ్చాం. ఆ అక్క చాలాసేపు వెనక్కి చూస్తూనే నడిచింది.

ఐన్‌మనె పెద్దావిడ మమ్మల్ని చూసి ఎందుకొచ్చారని అడగలేదు, ఎంతమంది అని అడిగింది. ఆ ఇంటి ముందు కయ్యాలె అని పొడవాటి వరండా ఉంటుంది, స్తంభాల మధ్య వెడల్పాటి చెక్కలు వేసి. పెద్ద మనుషులు కూర్చునే చోటు. మా లైన్ల వాళ్లు ఏటా పండగ బహుమతి తీసుకోవడానికి వాకిట్లోకి వచ్చేవాళ్లు, అంతకు మించి మెట్టెక్కినవాళ్లు కారు. ఆ రాత్రి అక్కడే పడుకున్నారు, పిల్లలు లోపలి హాల్లో. పెద్దావిడ గంజి కాయించింది. ఆమె కొడుకు వంట చెరకు కోసం పాత మంచం విరగ్గొట్టాడు. మేస్త్రి మాత్రం ఎంత చెప్పినా చెక్క మీద కూర్చోలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు.

కరెంటు పోయి అప్పటికి వారమైంది. ఫోన్లలో చార్జింగ్ లేదు, ఉన్నా సిగ్నల్ లేదు.

17వ తేదీ తెల్లవారుజామున శబ్దం వచ్చింది. చాలామంది విమానం లాగా అంటారు. నాకు మాత్రం దూరంగా లోడు లారీలు బారులుగా ఘాట్ దిగుతున్నట్టు వినిపించింది, ఆ బారు ఎంతకీ ఆగదు. వెలుతురు వచ్చాక గట్టు అంచుకెళ్లి చూశాం. పై బ్లాకు కదులుతోంది. చెట్లు పడిపోలేదు, నిలబడే నడుస్తున్నాయి. సిల్వర్ ఓకులు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలతో సహా, నిటారుగా కొంతదూరం వచ్చి, ఒక్కసారిగా లోపలికి కూరుకుపోయాయి. స్టోరు గోడ ముందుకు ఒరిగి, కాంక్రీటు కప్పు చెక్కుచెదరకుండా మట్టి మీద తేలినట్టు దిగిపోయింది. లైన్లలో మొదటి నాలుగు గదులు మిగిలాయి. మిగతావి ఉన్న చోట ఎర్రమట్టి, బండలు. ఎవరూ ఏడవలేదు. ఒకావిడ మాత్రం "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను నిన్న" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

మా తోటలో ప్రాణాలు పోలేదు. చుట్టుపక్కల అలా లేదు. మక్కందూరు, ముక్కోడ్లు, జోడుపాల, ఆ పేర్లన్నీ తర్వాత టీవీల్లో మోగాయి. జిల్లా మొత్తం మీద 20 మంది దాకా పోయారు. కుశాలనగర్లో కావేరి ఇళ్లలోకి వచ్చింది. మడికేరి నుంచి మంగళూరు వెళ్లే రోడ్డు ముక్కలైంది. అవే రోజుల్లో కేరళంతా మునిగి ఉండటంతో దేశం కళ్లన్నీ అటే ఉన్నాయి. అందులో తప్పు లేదు, అక్కడ జరిగింది చాలా పెద్దది. కానీ మేం గట్టు మీద కూర్చుని హెలికాప్టర్ శబ్దం కోసం చెవులు రిక్కించినప్పుడు ఆ న్యాయం తోచలేదు.

మర్నాడు దిగాం. దారి అనేది లేదు. రోడ్డు ఉన్న చోట లోయ, లోయ ఉన్న చోట గుట్ట. తాజాగా జారిన మట్టి మీద అడుగేస్తే మోకాలు దాకా దిగుతుంది, లాగితే చెప్పు లోపలే. చెక్కలు పరుచుకుంటూ, వెనకవి ముందుకు తెచ్చుకుంటూ నడిచాం. ఒక వాగు దగ్గర సైనికులు తాడు కట్టి ఒక్కొక్కర్ని దాటించారు. పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. ఆమె దారి పొడుగునా ఇల్లు తాళం వేశానో లేదో అని కొడుకుని సతాయించింది.

సుంటికొప్ప దగ్గర ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. బెంగళూరు, మైసూరుల నుంచి లారీల కొద్దీ సామాను వచ్చింది. జనం మనసు గొప్పదే. అయితే చీరలు కుప్పలు, లంగాలు లేవు. బిస్కెట్లు గుట్టలు, చెప్పులు లేవు. ఒక లారీలో కోట్లు, టైలు కూడా వచ్చాయి. అస్సాం కుర్రాడొకడు కోటు వేసుకుని రెండు రోజులు తిరిగాడు. వెచ్చగా ఉందన్నాడు. మేం నవ్వుకోగలిగింది అప్పుడే.

మూడో రోజో నాలుగో రోజో పేర్లు రాసుకునేవాళ్లు వచ్చారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? పన్ను రసీదు ఉందా? ఆధార్, రేషన్ కార్డు? లైన్ గది సావుకారుది, పన్ను సావుకారు కడతాడు, కార్డులు మట్టి కింద ఉన్నాయి. అస్సాం వాళ్ల కార్డులు ఉన్నా అవి అస్సాంవి. ఒక గుమాస్తా అయితే "మీరసలు అక్కడ ఉండేవారని ఏమిటి గ్యారంటీ?" అన్నాడు. నాకు కోపం వచ్చి నోరు జారబోతుంటే మేస్త్రి నా చొక్కా పట్టుకు లాగి, "పుస్తకం చూపించండి" అన్నాడు.

మస్టర్ బుక్ తెరిచాను. అంచులు తడిసి ఉబ్బాయి గానీ సిరా చెరగలేదు. పేరు, తండ్రి పేరు, గది నంబరు, రోజువారీ హాజరు, వారం వారం బట్వాడాకి ఎదురుగా సంతకం, లేదా వేలిముద్ర. ఆ గుమాస్తా పేజీలు తిప్పి, తిప్పి, పైఅధికారికి చూపించాడు. ఆమె చూసి దాన్నే ఆధారంగా రాసుకోమంది. ఆ మధ్యాహ్నం మంటపం మెట్ల మీద కూర్చుని నేను పేర్లు చదవడం, వాళ్లు లేచి నిలబడటం, అచ్చం పొద్దుటి హాజరు లాగే. పక్క తోటల వాళ్లు వచ్చి "మా రైటర్ పుస్తకం తేలేదే" అని వాపోయారు. తక్షణ సాయం డబ్బు మా వాళ్లకి ఆ జాబితాతో వచ్చింది. ఇళ్ల సంగతి వేరే. కర్ణంగేరి, మదెనాడు, జంబూరుల్లో ప్రభుత్వం కాలనీలు కట్టింది, మంచి ఇళ్లు. కానీ అవి సొంత ఇల్లు పోయినవాళ్లకి. మేస్త్రిది సొంత ఇల్లు ఎప్పుడూ కాదు కదా. ఆ జాబితాలో ఆయన పేరు రాలేదు. ఎన్ని అర్జీలు రాశానో. ఇప్పటికీ ఇది నాకు మింగుడు పడదు. మూడు తరాలు ఒక గదిలో ఉన్నవాడిది ఏ ఇల్లని అడిగితే కాగితం దగ్గర జవాబు లేదు.

క్యాంపులో ఉండగానే రోజు మార్చి రోజు మేం కొందరం పశువుల కోసం పైకి వెళ్లొచ్చేవాళ్లం. పోలీసులు వద్దనేవారు. పశువుల అక్క వాళ్లతో పెట్టుకున్న తగువు ఇప్పటికీ మా వాళ్లు చెప్పుకుంటారు: "పాలు పితక్కపోతే దానికి పొదుగువాపు వస్తుంది, నీకొస్తే తెలుస్తుంది" అంది ఒక కానిస్టేబుల్‌తో. ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఐన్‌మనె వెనక కట్టేసిన జెర్సీలకు గడ్డి కోసి వేసి, పితికి, పాలు అక్కడే కుక్కలకు పోసేవాళ్లం. యజమానులు వెళ్లిపోయిన ఇళ్ల కుక్కలన్నీ అక్కడ చేరాయి. గిడ్డలు అడవిలో మేస్తూ బాగానే ఉన్నాయి, మమ్మల్ని పట్టించుకోలేదు. కొట్టంలో వదిలేసిన మూడింటిలో ఒకటి బతికి తిరిగొచ్చింది, కొమ్ము విరిగి. మిగతా రెండూ దొరకలేదు.

ఆ సీజన్ పూర్తయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. తోటలో మూడో వంతు పోయింది. వాగు దారి మార్చుకుంది, ఎవరి హద్దు ఎక్కడో సర్వేయరుకే తెలియలేదు. మిగిలిన చెట్ల కాయ నవంబరులో ఎర్రబడితే కోయడానికి జనం లేరు. అస్సాం వాళ్లు చాలామంది సెప్టెంబరులోనే రైలెక్కేశారు. సావుకారు కూలి బాకీ మొత్తం ఇచ్చాడు, అది చెప్పకపోతే తప్పు. కల్లం మళ్లీ కట్టించినప్పుడు కొండను కొయ్యలేదు, చిన్నదైనా ఫర్వాలేదన్నాడు. గిడ్డలను అమ్మే మాట మేనేజరు మళ్లీ ఎత్తలేదు.

తర్వాత మా నాన్నకి ఒంట్లో బాగుండక నేను ఇంటికొచ్చేశాను. ఇప్పుడు కదిరిలో డ్రిప్ సామాన్ల కొట్టు. నీళ్లు చుక్కచుక్కగా ఎలా పొదుపు చెయ్యాలో రైతులకు చెప్పడం నా వృత్తి. 2019 ఆగస్టులో విరాజపేట వైపు తోరలో, 2020 ఆగస్టులో తలకావేరిలో కొండ విరిగిందని విన్నప్పుడల్లా ఫోన్ చేశాను. 2024 జూలై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయి, రెండు వందల మందికి పైగా చనిపోయినప్పుడు రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదు. అక్కడి టీ తోటల్లో లైన్లను పాడీలంటారు. గదుల వరస అదే, రేకులు అవే. టీవీలో ఒకాయన పేర్ల జాబితా పట్టుకుని ఎవరెవరు ఉన్నారో పిలుస్తున్నాడు. మా ఆవిడ వచ్చి టీవీ కట్టేసింది.

మేస్త్రి ఇప్పుడు సోమవారపేట దగ్గర ఇంకో తోటలో, కొడుకు దగ్గర, లైన్లోనే ఉంటున్నాడు. పని మానేశాడు గానీ కొత్త రైటర్‌కి సలహాలివ్వడం మానలేదట. మనవరాలు మడికేరిలో నర్సింగ్ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, డిసెంబరులో కాయ కోత చూడ్డానికి రమ్మన్నాడు, పిల్లల్ని కూడా తీసుకురమ్మన్నాడు. ఏం తెమ్మంటారు అని అడిగితే మా వేరుశనక్కాయలు ఒక మూట తెమ్మన్నాడు. "ఒలిచినవి వద్దు రైటరే, తొక్కతోనే తెండి. సాయంత్రాలు ఒలుచుకోడానికి పనుంటుంది."

ఈసారి మా వైపు పంట బాగానే ఉంది. మూట కట్టి పెట్టాను.